మెత్తలో స్టాంపు కాగితం

ఒంటిగంటకు కిటికీ మూస్తారు. మూస్తే ఇంక ఆ కాగితానికి విలువ లేదు, ఆరు నెలల గడువు ఇవాళ్టితో సరి, రేపు వచ్చి కాళ్లావేళ్లా పడ్డా తీసుకోరు. సూరత్ స్టాంపు ఆఫీసులో కిటికీ వెనక కూర్చునే గుజరాతీ ఆవిడ, అందరూ బెన్ అని పిలిచే ఆవిడ, పొద్దున వచ్చీరాగానే ఈ మాట చెప్పేసి తన పనిలో పడింది. ఇప్పుడు పన్నెండు దాటి ఐదు నిమిషాలు. సదానందం రేకు బెంచీ మీద ఒక చివర కూర్చుని, పక్కన ఒక మనిషి పట్టేంత జాగా వదిలి, ఆ జాగాలో తన టిఫిన్ డబ్బా పెట్టాడు. ఎవరైనా కూర్చోబోతే డబ్బా మీద చెయ్యి వేసి, మేరా భాయ్ ఆ రహా హై, అంటున్నాడు. ఇప్పటికి ముగ్గురికి చెప్పాడు. ముగ్గురూ నమ్మి పక్కకు పోయారు. నిజానికి తమ్ముడు వస్తున్నాడో లేదో అతనికే తెలియదు. ఒడిలో ప్లాస్టిక్ కవరు, కవరులో వాడకుండా మిగిలిన స్టాంపు కాగితం, కాగితం మీద యాభై మూడు వేల తొమ్మిది వందల రూపాయలు అని అచ్చు, దాని కింద పైకం కట్టిన మనిషి పేరు, గణపతి. కట్టినవాడే వచ్చి సంతకం పెడితే తప్ప ఆ డబ్బు వెనక్కి రాదు. అన్న పెడితే చెల్లదా అని పోయిన వారం అడిగితే, అన్న వేరే కదా కాకా, అంది బెన్. ఆవిడ మామూలుగానే అంది. సదానందానికి మాత్రం ఆ మాట వారం రోజులుగా గొంతులో ముల్లులా ఉండిపోయింది.

పైన ఫ్యాను కీచుమంటోంది. కీచుమంటోందని పక్కనున్నవాళ్ల మొహాలు చూసి తెలుసుకున్నాడు గానీ అతని చెవులకు అంత సన్న చప్పుడు అందదు. ముప్ఫై ఏళ్లు మరమగ్గాల మధ్య నిలబడినవాడి చెవులు ఎంత మిగులుతాయి, ఎదుటివాడి పెదాలు చూసి సగం, ఊహించుకుని సగం. అందుకే మగ్గం పనివాళ్లు ఎక్కడికి పోయినా అరిచినట్టే మాట్లాడతారు, పెళ్లిలోనైనా, చావులోనైనా, ఆస్పత్రిలోనైనా. ఆరు నెలల కింద ఆ సాయంత్రం కార్ఖానా గేటు దగ్గర, తమ్ముడి మీద కూడా గొంతు పెద్దదే అయింది. లేదు, అది చెవుల వల్ల కాదు. చెవుల మీదికి తోస్తే ఎట్లా, కావాలనే అరిచాడు, పదిమందీ వినాలనే అరిచాడు. ఇన్నాళ్లకు ఒప్పుకుంటే మాత్రం ఎవరికి లాభం, కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని నాయిన ఎన్నిసార్లు అనేవాడు, గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని, తెగిన పోగును వేలి కొసల మీద ముడేస్తూ. నాయిన ముడి చిన్నది. గణపతిది అంతకన్నా చిన్నది. సదానందం ముడి ఎప్పుడూ కొంచెం లావే, బట్ట మీద చెయ్యి వేస్తే తగిలేది. పన్నెండేళ్లు చిన్నవాడి చేతికి నాయిన పనితనం వచ్చిందని లోపల ఎక్కడో గుర్రు ఉండేదా తనకు? ఉండేదేమో. కవరు సర్దుకున్నాడు. పన్నెండుం పావు.

పాళీ, అంటే షిఫ్టు, మారేటప్పుడు మగ్గాలు ఆపరు. ఆపితే సేఠ్‌కు నష్టం, మీటరుకు ఇంత అని కూలి తీసుకునేవాడికి అంతకన్నా నష్టం. పగటి పాళీ దిగేవాడు మగ్గం చట్రం మీద చెయ్యి పెట్టి నిలబడతాడు, రాత్రి పాళీ ఎక్కేవాడు వచ్చి ఆ చెయ్యి పక్కన తన చెయ్యి ఆనిస్తాడు, ఆనించాకే మొదటివాడు చెయ్యి తీస్తాడు. ఆ హోరులో మాట వినపడదు కాబట్టి మాటకు బదులు చెయ్యి. నీది నేను తీసుకున్నాను, ఇక నువ్వు పో అని అర్థం. ఈ రివాజు ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పలేదు. ఎనిమిదేళ్లు, ఒకే ఖాతాలో, అంటే ఒకే మగ్గాల షెడ్డులో, అవే పన్నెండు మగ్గాల మీద, పగలు అన్న, రాత్రి తమ్ముడు. పొద్దున ఏడింటికి ఒకసారి, సాయంత్రం ఏడింటికి ఒకసారి, చెయ్యి పక్కన చెయ్యి. లెక్కకు రోజూ రెండుసార్లు కలుసుకున్నట్టే, అసలుకు కలిసి కూర్చుని నాలుగు మెతుకులు తిన్నది ఎప్పుడో పండగకు. మిగిలిన కాలమంతా ఒకడు లేస్తే ఒకడు పడుకోవడమే. వడోద్‌లో ఆ ఒక్క ఇరుకు గది ఖోలీ, ఖోలీలో ఒక్క పరుపు, పరుపు మీద ఒక్క మెత్త.

తల కింద పెట్టుకునే ఆ మెత్త గురించి చెబితే జనం నవ్వుతారు. కానీ తమ్ముడు ఎట్లా ఉన్నాడో సదానందానికి మెత్త చెప్పేది. అన్న ఇల్లు చేరేసరికి వాడు లేచి పనికి పోయి ఉంటాడు, వాడు వచ్చేసరికి అన్న పోయి ఉంటాడు, మెత్త మాత్రం అక్కడే ఉంటుంది. అది తడిగా ఉంటే జ్వరం తగిలిందని తెలిసేది. ఒక మూలకు నలిగి ఉంటే నిద్ర పట్టలేదని తెలిసేది. పెళ్లయ్యాక కొబ్బరి నూనె పోయి ఏదో సంపెంగ వాసన మొదలైంది, ఓహో మరదలు పెట్టిన అలవాటు అనుకుని ఒక్కడే నవ్వుకున్నాడు. అంతా తెలుసు వాడి గురించి. నిద్రలో ఉన్న మనిషిని అంత తెలిసినవాడు మెలకువగా ఉండి చెప్పిన ఒక్క మాటను నమ్మలేకపోయాడు. ఛీ అనుకున్నాడు, పైకే అన్నట్టున్నాడు, ముందు కూర్చున్న ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు.

సదానందం భార్య వినోదను ఊరి నుంచి తెచ్చుకున్న రోజు, ఖోలీ గడపలో చెప్పులు విడుస్తూ గణపతి అన్నాడు, "వదినె వచ్చింది గదన్నా, ఇగ నాకు రాత్రి పాళీయే మంచిగుంటది. పగలంత పడుకుంట." అంతే, అంత తేలిగ్గా. అప్పటిదాకా పదిహేను రోజులకు ఒకసారి పాళీ మార్చుకునేవాళ్లు. ఆ రోజు నుంచి రాత్రులన్నీ వాడు తీసుకున్నాడు, అన్నకూ వదినెకూ ఒక కాపురం ఉండాలని. ఎనిమిదేళ్ల రాత్రులు. పగటిపూట వాడు లోపల పడుకుంటే వినోద గడపలో కూర్చుని చీరలకు లేసు కుడుతూ, గల్లీలో గోల చేసే పిల్లలను సైగ చేసి తరిమేది. వాడికి మూడేళ్ల కింద సంగీతతో పెళ్లయితే ఆ పిల్లను సూరత్ తెచ్చుకోవడానికి చోటే లేదు. ఏడాదికి రెండుసార్లు ఊరికి పోయి, పది రోజులుండి, ఎర్రబడ్డ కళ్లతో తిరిగి వచ్చేవాడు. అడిగితే ప్రయాణం అనేవాడు. రెండో ఇల్లు కొనాలనుకున్నది అందుకే. భేస్తాన్‌లో ఒక గది, వంట జాగా, మీదికి పోతే ఆకాశం కనిపించే డాబా, పదకొండు లక్షలు. ఉన్న ఒక్క ఖోలీ చాలక రెండో ఇల్లంటే షావుకార్లా అని గేటు దగ్గర అందరూ ఎక్కిరించారు. ఇద్దరి పేరుతో రాయించుకుందాం, ముందు పైకం నేను పెడతా, స్టాంపు పన్ను నీ చిట్టి ఎత్తి కట్టు అని సదానందం చెబితే, గణపతి తలూపి, "ఇగ నాకు పగటి పాళీ ఇప్పియ్యే అన్నా" అన్నాడు. జీవితంలో వాడు అడిగింది అదొక్కటే. రాత్రిపూట పడుకుంటానన్నాడు, అంతే.

పన్నెండున్నర. జేబులో ఫోను వణికింది. వినోద. చెవికి గట్టిగా అదుముకున్నాడు.

"వచ్చిండా?"

"రాలే."

"ఇంక టైమున్నదా?"

"అర్ధగంట."

వినోద అంది, "నువ్వు తిను. డబ్బల ఇద్దరికి పెట్టిన." ఫోను పెట్టేసింది. ఇద్దరికి పెట్టింది. ఎన్ని రొట్టెలో లెక్క చూడలేదు గానీ పొద్దున డబ్బా బరువు తెలిసింది. వినోద ఆ గొడవ రోజు నుంచీ ఈ విషయం మీద అతనితో ఒక్క మాట అనలేదు, తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు. అనుంటే బాగుండేది. ఆడవాళ్లు నోరు మూసుకుంటే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందనుకునేవాళ్లు ఒక్క వారం అతని ఖోలీలో ఉండి చూడాలి.

ఎట్లా మొదలైందది. పోయిన వినాయక చవితికి ముందు, ఒక సాయంత్రం, మగ్గం దగ్గర చేతులు మారే ఆ ఒక్క నిమిషంలో గణపతి చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు, "కట్టిన అన్నా. కాగితం మెత్తల పెట్టిన." సదానందం తలూపి ఇంటికి పోయి, తిని, మెత్త మీది గలీబు తీసి చూశాడు. లేదు. పరుపు ఎత్తి చూశాడు, లేదు. మెత్త ఒక పక్క కుట్టు మీద నారింజ రంగు పోగు కనిపించింది, వినోద అతుకు వేసిందేమో అనుకుని పక్కన పడేశాడు. రేపు అడుగుదామనుకున్నాడు. రేపటికల్లా పక్క వరస మగ్గాల రాజనర్సు చాయ్ దగ్గర కలిసి, మీ తమ్ముడు ఉధ్నా రోడ్డు మీద పైసలు పంపే దుకాణంలో నోట్ల కట్ట పట్టుకుని నిలబడ్డడు, అత్తగారింటికేమో అన్నాడు. అనడంలో అంత విషమేం లేదు, చూసింది చెప్పాడు. ఆ దుకాణంలోనే పక్క బల్ల మీద స్టాంపు కాగితాలు కూడా ఇస్తారని రాజనర్సుకు తెలియదు. తెలిసినా సదానందం అప్పుడు వినే స్థితిలో ఉన్నాడా? చెప్పుడు మాట నిప్పురవ్వ అయితే, అంటుకునే దూది తన దగ్గర సిద్ధంగా ఉంది. ఆ పిల్ల తండ్రికి అప్పులున్నాయి, వీడికి మెతక మనసు, వీడు అన్నకు చెప్పకుండా పంపేసి ఉంటాడు, అంతా కళ్లకు కట్టినట్టు కనిపించింది. కనిపించిందంటే నిజమేననుకున్నాడు.

ఆ సాయంత్రం మగ్గాల మీద చెయ్యి పెట్టి నిలబడలేదు. రాజనర్సుకు చూసుకోమని చెప్పి గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పాళీ దిగేవాళ్లు దిగుతున్నారు, ఎక్కేవాళ్లు ఎక్కుతున్నారు, మనవాళ్లు, ఒడిశావాళ్లు, యూపీవాళ్లు, నలభై మంది దాకా. గణపతి భుజాన సంచితో నడిచి వస్తున్నాడు, అన్నను చూసి మొహం వికసించింది, గేటు దాకా ఎందుకొచ్చాడో అని. "నీ చిట్టి పైసలేమైనయిరా?" అన్నాడు సదానందం.

"కట్టిన అని చెప్పిన గదన్నా."

"ఏది కాగితం?"

"మెత్తల ఉన్నదన్నా. నీ తలకాయ కిందనే ఉన్నది."

"సూసిన. లేదు. అత్తగారింటికి పంపినవా, తాగినవా? గింత మందిల అడుగుతున్న, సూపియ్యి కాగితం."

గణపతి ఆ మందిని ఒకసారి చూశాడు. వాడి మొహంలో అప్పుడు కోపం వచ్చి ఉంటే సదానందం ఈ ఆరు నెలలు కొంచెమన్నా నిద్రపోయేవాడు. కోపం రాలేదు. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు అన్నను చూశాడు. "నేను చెప్పిన గదన్నా," అన్నాడు మెల్లగా, సదానందం పెదాలు చూసి గ్రహించాడు, "చెప్పినంక మళ్ల కాగితమెందుకు?" అంతే. లోపలికి పోయాడు. ఆ రాత్రంతా మగ్గాలు నడిపాడు, మామూలు కన్నా ఎక్కువే బట్ట దింపాడని తర్వాత లెక్కలు రాసే మెహతాజీ చెప్పాడు. పొద్దున ఏడింటికి సదానందం పోయేసరికి చట్రం మీద చెయ్యి పెట్టుకుని రాజనర్సు నిలబడి ఉన్నాడు. నీ తమ్ముడు నాకు అప్పగించి పోయిండు అన్నాడు, కళ్లు దించుకుని. ఖోలీకి పరుగెత్తితే సంచీ లేదు, వినోద గడపలో కూర్చుని ఉంది, మెత్త పరుపు మీద ఉంది.

ఇంటి గడువు దగ్గరపడింది. వడ్డీకి తెచ్చి, అదే యాభై మూడు వేల తొమ్మిది వందలు మళ్లీ కట్టి, కోపం మీద ఒక్కడి పేరుతో స్టాంపు తీసుకుని, ఒక్కడి పేరుతో రిజిస్ట్రీ చేయించుకున్నాడు. బొటనవేలికి అంటిన సిరా నాలుగు రోజులు పోలేదు. ఇంటికి తాళం వేసి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఎవరి కోసం కొన్నాడు ఆ ఇల్లు? రాత్రిపూట ఖోలీలో ఇప్పుడు జాగా ఉంది, పగటిపూట పరుపు ఖాళీగా ఉంటుంది, వినోద గడపలో కూర్చుని పిల్లలను తరమాల్సిన పని లేదు. అయినా ఒక్కోసారి మర్చిపోయి సైగ చేసేది. అది చూసినప్పుడు సదానందం మొహం తిప్పుకునేవాడు. పడుకుంటే సంపెంగ వాసన రోజురోజుకూ తగ్గిపోతూ వచ్చింది. దీపావళికల్లా మెత్తలో తన వాసన తప్ప ఏమీ లేదు.

డిసెంబరులో దూది ఏకేవాడు గల్లీలోకి వచ్చాడు. పరుపు గట్టిపడిందని వినోద బయట వేయించింది, ఆ చేత్తోనే మెత్త కూడా. వాడు కత్తెర పెట్టి ఆ నారింజ పోగు కుట్టు విప్పి, దూదిలో చెయ్యి పెట్టి, ఏ క్యా హై అంటూ ఒక కవరు తీశాడు. నాలుగు మడతల కవరు, లోపల స్టాంపు కాగితం. సదానందం ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు, రజా, పనికి సెలవు. చేతికి తీసుకున్నాడు. కొనేవాళ్ల పేర్లు, మొదట సదానందం, తర్వాత గణపతి. అన్న పేరు ముందు రాయించాడు. తారీకు చూస్తే, గేటు దగ్గర అరిచిన రోజుకు ముందు రోజుది. రాత్రంతా మగ్గాల మధ్య నిలబడి, పొద్దున నిద్ర మానుకుని, వరసలో నిలబడి కట్టినవాడు. విప్పిన కుట్టు పోగు కింద పడి ఉంది, ఆ వారం మగ్గాల మీద నడిచిన నారింజ పాలిస్టరు పోగే, కొసన ముడి. అంత చిన్న ముడి వేసేవాడు సూరత్‌లో ఒక్కడే ఉన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. పంతొమ్మిదేళ్ల గణపతి మొదటి నెల పగారు తీసుకుని, ఎక్కడ దాచాలో తెలియక చొక్కా లోపల పెట్టుకుని తిరుగుతుంటే, ఆరుగురు పడుకునే ఆ పాత ఖోలీలో, తనే సూదీ దారం ఇచ్చి చెప్పాడు. "తమ్మీ, గలీబుల పెట్టకు, అందరి చెయ్యి తగుల్తది. కుట్టు ఇప్పి దూది నడుమ పెట్టి మళ్ల కుట్టెయ్యి. మెత్తల అంటే మెత్త లోపల." తరువాత సదానందం ఇనుప బీరువా కొనుక్కున్నాడు, బ్యాంకు పుస్తకం వచ్చింది, ఫోనులో పైసలు వచ్చాయి, చెప్పినవాడు మర్చిపోయాడు. విన్నవాడు మర్చిపోలేదు. సదానందం నాలుగు నెలలు ఆ కాగితం మీదే తల పెట్టుకుని, కళ్లు మూసుకుని, తమ్ముణ్ణి దొంగ అనుకున్నాడు. వినోద లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. దూది ఏకేవాడు మాత్రం కూలి ఎంతో చెప్పి, ఇంత సేపైనా ఎవరూ ఇవ్వరేమని చూస్తూ నిలబడ్డాడు.

పన్నెండూ నలభై అయిదు. వరసలో ఇద్దరే మిగిలారు. గణపతి ముంబై దగ్గర భివండి మగ్గాల్లో ఉన్నాడని, మళ్లీ రాత్రి పాళీయేనని, పదిమంది ఖోలీలో వంతులేసుకుని పడుకుంటున్నాడని తెలుసు. ఫోను చేస్తే ఎత్తడు. రెండు నెలలుగా చేస్తూనే ఉన్నాడు. ఊళ్లో సంగీతకు చేశాడు. కాగితం దొరికిందమ్మా, తప్పు నాది, వాణ్ణి రమ్మను, శుక్రవారంతో గడువు అయిపోతది అని చెబితే, ఆ పిల్ల, "చెప్తా బావా" అంది, మళ్లీ చేస్తే, "చెప్పిన బావా. పోతా అనలేదు, పోను అనలేదు." అంతకు మించి ఒక్క మాట తూలలేదు. డబ్బు కోసమైతే ఈ బెంచీ మీద కూర్చునేవాడు కాదు, డబ్బు పోతే మగ్గాలున్నాయి. కానీ ఈ కాగితం తప్ప తమ్ముణ్ణి పిలవడానికి అతని దగ్గర వేరే సాకు లేదు. ఇవాళ దాటితే సాకు కూడా ఉండదు. వచ్చే డబ్బు ఏం చేయాలో ఆలోచించి పెట్టుకున్నాడు, భేస్తాన్ ఇల్లు సంగీత పేరుకు రాసిచ్చేస్తాడు, దానికి మళ్లీ స్టాంపు పన్ను. ఆడవాళ్ల పేరైతే రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ అని బెన్నే చెప్పింది, పన్ను మాత్రం తప్పదంది. ఒక్క ఇంటికి మూడుసార్లు పన్ను కట్టిన మొనగాడు సూరత్ మొత్తంలో ఇంకొకడుండడు. సలాబత్‌పురా బట్టల షావుకార్లకు చెబితే పొట్ట పట్టుకుని నవ్వుతారు. నవ్వనీ. వాడు రావాలి. వస్తే ఏమనాలి? రెండు నెలలుగా కూడబెట్టిన మాటలు ఒక్కటీ నోటికి రావడం లేదు.

"కాకా," అంది బెన్, పెదాలు కదిలాయి. పన్నెండూ యాభై. ఎదుట మనిషి లేడు, వరస అయిపోయింది. సదానందం లేచి, డబ్బా బెంచీ మీదే వదిలి, కిటికీ దగ్గరికి పోయి కవరు ముందుకు తోశాడు. భాయ్ ఎక్కడ అని ఆవిడ అడిగింది. ఆ రహా హై అనబోయి ఆగాడు. నాలుగోసారి ఆ మాట రాలేదు. ఆవిడ మొహంలో చిన్న మార్పు వచ్చింది, అతని భుజం మీదుగా చూసింది. అతనికి ఏమీ వినపడలేదు. తిరిగి చూశాడు. వాకిట్లో గణపతి నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు, గడ్డంలో తెల్ల వెంట్రుకలు, అప్పుడు లేవు, ఆరు నెలల్లో వచ్చాయి. చెప్పులకు భివండి బురదో దారి బురదో. రాత్రి పాళీ దిగి అట్లాగే బండెక్కి ఉంటాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. అన్న వైపు చూడకుండా నడిచి వచ్చి, బెంచీ మీద డబ్బాను చూసి ఒక్క క్షణం ఆగి, కిటికీ దగ్గర నిలబడ్డాడు. "సైన్ కహా కర్నా?" అని బెన్‌ను అడిగాడు. అంటే పెట్టి పోవడానికే వచ్చాడు. వచ్చాడు, అది చాలదా? చాలదు. చాలుననుకుంటే తన తప్పు తన దగ్గరే ఉండిపోతుంది.

బెన్ కవరులోని ఫారం తిప్పి చూసి, ఒక గడి మీద వేలు పెట్టింది. కారణం గడి. ఫారం నింపిన ఏజెంటు అయిదు వందలు తీసుకుని గుజరాతీలో ఒక్క ముక్క రాసిచ్చాడు, పొరపాటున అని. "ఇట్లా రాస్తే సాహెబ్ వెనక్కి పంపుతారు," అంది ఆవిడ హిందీలో, "ఒకే ఇంటికి ఇద్దరు అన్నదమ్ములు రెండుసార్లు ఎట్లా కడతారు? ఒకే చోట ఉంటారు కదా, ఒకరికొకరు చెప్పుకోలేదా? ఎవరి పొరపాటు? సరిగా చెప్పండి, నేనే రాస్తాను."

తప్పు తనదేనని రాసేయమని గణపతి తల ఎత్తకుండానే అన్నాడు. "లిఖ్ దో మేడం. మేరీ భూల్."

ఆవిడ పెన్ను ఎత్తింది.

"నహీ!" అన్నాడు సదానందం. హాలంతా వినపడింది, గేటు దగ్గర వినపడినట్టే. తగ్గించుకోవాలని అతనికి తోచలేదు, తోచినా తగ్గించుకోడు. "ఇస్నే భరా థా. బోలా భీ థా. మైనే నహీ మానా." అక్కడితో అతని హిందీ అయిపోయింది, మిగతాది ఆవిడకు అర్థం కాదని తెలిసీ, ఆవిడకు చెప్పమన్నట్టు తమ్ముడి వైపు తిరిగి, తన భాషలో అన్నాడు. "వాడు కట్టిండు. కట్టిన అని నాకు చెప్పిండు. మెత్తల పెట్టుమని నేర్పింది నేనే. అన్ని మర్శిపోయి, మందిల నిలబెట్టి నా తమ్ముణ్ణి దొంగ అన్న. తప్పు నాది. గది రాయుమను. నా పేరు మీద రాయుమను." బంట్రోతు ఫైళ్లు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

బెన్ ఇద్దరినీ చూసి, ఫారం మీద రెండు వరసలు రాసింది. గుజరాతీలో రాసింది. ఏం రాసిందో అన్నదమ్ములిద్దరికీ చదవడం రాదు. కాగితం ముందుకు తోస్తే ఫ్యాను గాలికి లేవబోయింది, సదానందం చప్పున అరచెయ్యి పెట్టి ఆపాడు. సంతకం చోటు ఆ చెయ్యి పక్కనే ఉంది. గణపతి పెన్ను తీసుకున్నాడు గానీ వెంటనే సంతకం పెట్టలేదు, అన్న చెయ్యి కేసి చూస్తూ నిలబడ్డాడు. గణపతి ఎడమ చెయ్యి నెమ్మదిగా ముందుకు వచ్చింది, బల్ల మీద, అన్న చెయ్యి పక్కన, వేలికి వేలు తగిలేంత దగ్గరగా ఆనింది. ఎనిమిదేళ్ల అలవాటు ప్రకారం సదానందం ఇప్పుడు తన చెయ్యి తీసి పక్కకు పోవాలి. తీయలేదు. గణపతి కూడా తీయమనలేదు.